ఉబ్బిన పెట్టె

సైప్రస్ దీవి దక్షిణ తీరంలో మారీ అనే చిన్న ఊరుంది. ఊరి పక్కన నౌకాదళ స్థావరం. దానికి ఆనుకున్నంత దగ్గరలో వాసిలికోస్ విద్యుత్ కేంద్రం. దేశానికి కావలసిన కరెంటులో సగం దాకా అక్కడినుంచే వచ్చేది. 2009 మొదట్లో ఆ స్థావరానికి 98 కంటైనర్లు చేరాయి. ఇరాన్ నుంచి సిరియా వైపు వెళ్తున్న మోంచెగోర్స్క్ అనే ఓడను ఐక్యరాజ్యసమితి ఆంక్షల పేరిట ఆపి, అందులోంచి దించిన సరుకు అది. పేలుడు సామగ్రి. అందులో చాలా భాగం ఫిరంగిగుండును ముందుకు తోసే మందు.

ఆ సరుకును ఏం చేయాలో ఎవరూ తేల్చలేదు. కంటైనర్లను ఒకదాని మీద ఒకటి పేర్చి ఆరుబయట వదిలేశారు. పైన కప్పు లేదు, నీడ లేదు. రెండు వేసవులు గడిచాయి. మూడో వేసవిలో, 2011 జూలై 4న, ఒక కంటైనర్ ఉబ్బిపోయి ఆకారం చెడి కనిపించింది. అధికారులు సమావేశమయ్యారు. జూలై 11న తెల్లవారకముందే కంటైనర్ల దగ్గర మంటలు లేచాయి. అగ్నిమాపక సిబ్బంది పరుగెత్తారు. నౌకాదళాధిపతి, స్థావరాధికారి స్వయంగా అక్కడికి చేరుకున్నారు. ఉదయం 6 గంటలకు ఇంకా పది నిమిషాలుందనగా మొత్తం కుప్ప ఒక్కసారిగా పేలింది. ఆ ఇద్దరు అధికారులు, ఆరుగురు అగ్నిమాపక సిబ్బందితో కలిపి 13 మంది చనిపోయారు. 60 మందికి పైగా గాయపడ్డారు. విద్యుత్ కేంద్రం శిథిలమైంది. నడివేసవిలో దీవి అంతటా కరెంటు కోతలు మొదలయ్యాయి.

ఎవరు అంటించారు? శత్రువు రాలేదు, బాంబు పడలేదు, ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. పెట్టె తనంతట తాను వేడెక్కింది.

సైనిక గోదాముల్లో ఇలా అనుకోకుండా జరిగే పేలుళ్లను స్విట్జర్లాండ్‌లోని స్మాల్ ఆర్మ్స్ సర్వే అనే పరిశోధన సంస్థ లెక్క కడుతోంది. 1979 నుంచి వందకు పైగా దేశాల్లో 600కు పైగా ఘటనలు ఆ జాబితాకెక్కాయి. యుద్ధం లేని రోజుల్లో, తలుపులకు తాళాలు వేసి ఉండగా జరిగినవే వీటిలో చాలా ఉన్నాయి. కదలకుండా పడి ఉన్న సామాను ఎందుకు పేలుతుందో తెలియాలంటే ముందు మన పల్లెలోని పెంటకుప్ప దగ్గరికి వెళ్లాలి.

పెంటకుప్ప లెక్క

చలికాలం పొద్దున్నే పెంటకుప్పను పారతో తవ్వితే లోపలినుంచి ఆవిరి లేస్తుంది. పైన మంచు పడి చల్లగా ఉంటుంది, లోపల చేయి పెట్టలేనంత వేడి. అదే ఎరువును చేలో పలచగా చల్లితే వెచ్చదనం కూడా తెలియదు. ఎరువు మారలేదు, పోగు మారింది. గడ్డి పచ్చిగా ఉండగా పెద్దలు వాము వేయనివ్వరు. వేస్తే లోపల ఉడుకుతుందంటారు. ఉడికి ఉడికి కొన్నిసార్లు వాము దానంతటదే అంటుకుంటుంది కూడా.

దీని వెనక ఉన్నది చిన్న లెక్క. ఒక అడుగు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న పెట్టెను ఊహించుకోండి. అందులో పట్టేది ఒక ఘనపుటడుగు సరుకు, బయటికి కనిపించే ఉపరితలం 6 చదరపుటడుగులు. ఇప్పుడు కొలతలన్నీ పదింతలు చేయండి. సరుకు 1,000 ఘనపుటడుగులు అవుతుంది. ఉపరితలం మాత్రం 600 చదరపుటడుగుల దగ్గరే ఆగుతుంది. చిన్న పెట్టెలో ఒక్కో ఘనపుటడుగు సరుకు వేడిని వదిలించుకోవడానికి 6 చదరపుటడుగుల దారి ఉండేది. పెద్ద పెట్టెలో అది అర చదరపుటడుగుకు కాస్త ఎక్కువ. వేడి పుట్టేది ఘనపరిమాణాన్ని బట్టి, బయటికి పోయేది ఉపరితలాన్ని బట్టి. పోగు పెరిగేకొద్దీ లోపలి వేడికి దారి మూసుకుపోతుంది.

ఎరువులో వేడిని పుట్టించేవి సూక్ష్మజీవులు. మరి ఇనుప పెట్టెలో ఉన్న మందులో వేడి ఎక్కడిది?

తోడుపడిన మందు

1846లో షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త దూదిని నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో ముంచి తీస్తే అది నిప్పు తగలగానే భగ్గున మండిపోతుందని కనుగొన్నాడు. అదే నైట్రోసెల్యులోజ్. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియే దానితో పొగరాని తుపాకీమందు తయారు చేశాడు. అప్పటినుంచి చిన్న తుపాకీ తూటా మొదలు పెద్ద ఫిరంగి దాకా గుండును తోసేది ప్రధానంగా ఈ మందే. అంటే సైనిక గోదాములో ఉన్న సరుకులో గణనీయమైన భాగం, మూలానికి వెళ్తే, పత్తే.

ఈ పత్తికి ఒక జబ్బు ఉంది. తయారైన రోజునుంచే అది చాలా మెల్లగా విచ్ఛిన్నమవుతూ ఉంటుంది. ఆ క్రమంలో నత్రజని ఆక్సైడ్ వాయువులు వెలువడతాయి. ఆ వాయువులే తిరిగి మిగతా మందును విచ్ఛిన్నం చేస్తాయి. పాలలో వేసిన మజ్జిగ చుక్క పాలను పెరుగు చేస్తే ఆ పెరుగే మరిన్ని పాలకు తోడవుతుంది కదా, ఇదీ అంతే. తన తోడును తానే తయారు చేసుకునే చర్య ఇది. ప్రతి అడుగులోనూ కొంచెం వేడి పుడుతుంది.

ఈ తోడును విరిచే విరుగుడు ఉంది. డైఫినైల్ఎమైన్ వంటి పదార్థాన్ని మందులో ఒక శాతం అటూ ఇటూ కలిపితే, వెలువడిన వాయువులను అది తనలోకి లాగేసుకుంటుంది. దాన్ని స్థిరకారి అంటారు. కానీ లాగుకునేకొద్దీ అదీ ఖర్చవుతుంది. అయిపోయిన రోజు మందుకు కాపలా లేనట్టే.

ఈ పాఠానికి ఫ్రెంచ్ నౌకాదళం పెద్ద మూల్యం చెల్లించింది. 1907 మార్చి 12న తూలోన్ రేవులో ఇయేనా యుద్ధనౌక పేలి 120 మంది దాకా చనిపోయారు. నాలుగేళ్ల తరువాత, 1911 సెప్టెంబరు 25న, అదే రేవులో లిబెర్తే పేలింది. ఈసారి మృతులు 300 మంది దాకా. రెండుసార్లూ అనుమానం నౌకలోని మందు మీదికే వెళ్లింది. అప్పట్లో స్థిరకారిగా కలిపిన ఎమైల్ ఆల్కహాల్ కొంతకాలానికి ఆవిరైపోయేది. దానితో మందుకు కాపలా పోయేది.

మందు వయసును క్యాలెండరుతో కొలవలేం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య వేగం సుమారుగా రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. 20 డిగ్రీల చల్లని గదిలో ఉన్న మందును 60 డిగ్రీల ఇనుప పెట్టెలోకి మారిస్తే నాలుగుసార్లు రెట్టింపు, అంటే 16 రెట్లు. అక్కడ గడిచిన ఒక్క నెల ఇక్కడ ఏడాది పైచిలుకు వయసుతో సమానం. ఎండలో కారును రెండు గంటలు నిలిపి తలుపు తెరిచినవాళ్లెవరికైనా మూసిన ఇనుప పెట్టెలో 60 డిగ్రీలంటే ఆశ్చర్యం కలగదు. మారీలో 98 పెట్టెల మందు దాదాపు రెండున్నరేళ్లు అలా ముసలిదైంది. అంత పెద్ద పోగులో పుట్టిన వేడికి దారి దొరకలేదు. వెలువడిన వాయువు లోపలే నిండి పెట్టె ఉబ్బింది.

గుండును తోసే మందుకే కాదు, గుండు కడుపులో ఉండే టీఎన్‌టీకి కూడా ముసలితనం ఉంది. శుద్ధమైన టీఎన్‌టీ 80 డిగ్రీల దాకా గట్టిగానే ఉంటుంది. తయారీలో మలినాలు మిగిలిపోతే అవి అంతకన్నా చాలా తక్కువ వేడికే కరిగి, టీఎన్‌టీని కూడా కొంత వెంట తీసుకుని సందుల్లోంచి జిడ్డుగా స్రవిస్తాయి. మన ఆదిలాబాద్ సరిహద్దు దాటి పైకి వెళ్తే మహారాష్ట్రలోని వార్ధా జిల్లాలో పుల్గావ్ ఉంది. దేశంలోకెల్లా పెద్ద సైనిక మందుగుండు డిపో అక్కడే. 2016 మే 31 అర్ధరాత్రి దాటాక ట్యాంకులను పేల్చే మందుపాతరలున్న షెడ్డు అంటుకుని పేలింది. లోపాలున్న మందుపాతరలనుంచి టీఎన్‌టీ స్రవించడమే కారణమని అప్పటి రక్షణమంత్రి మనోహర్ పారికర్ పార్లమెంటుకు చెప్పారు. విదర్భలో మే నెల ఎండ ఎలా ఉంటుందో తెలిసినవాళ్లకు ఆ జిడ్డు ఎలా కారిందో వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే బాగా నడిచే డిపోలో గోదాముతో పాటు ప్రయోగశాల కూడా ఉంటుంది. ప్రతి తయారీ దఫానుంచి కొంచెం మందు తీసి, స్థిరకారి ఎంత మిగిలిందో నియమం ప్రకారం పరీక్షిస్తారు. తగ్గిపోయిన దఫాను వేరు చేసి, పేలకముందే నాశనం చేస్తారు. ఈ పనికి పేరు రాదు. సరిగ్గా చేస్తే ఏమీ జరగదు కదా.

ఎండుగడ్డి, పిడుగు, పత్తిబేళ్లు

లోపలి వేడి ఒక దారి. బయటి నిప్పు రెండో దారి. ఇది వినడానికి మరీ మామూలుగా ఉంటుంది. 2000 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని భరత్‌పూర్ డిపోలో కోయకుండా వదిలేసిన ఎండుగడ్డి అంటుకుంది. ఆ మంట మందుగుండు దాకా పాకి సుమారు 393 కోట్ల రూపాయల సామగ్రిని బూడిద చేసింది. గడ్డి కోత కూలీ ఎంతవుతుందో మన ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. 2021 మార్చి 7న ఈక్వటోరియల్ గినీలోని బాటా నగరంలో సైనిక స్థావరం పేలి వందమందికి పైగా చనిపోయారు. చుట్టుపక్కల రైతులు పొలాలు కాల్చిన మంట అక్కడికి పాకిందని ప్రభుత్వం చెప్పింది. 1926 జూలై 10న అమెరికాలోని న్యూజెర్సీలో లేక్ డెన్మార్క్ నౌకాదళ డిపో మీద పిడుగు పడింది. ఆ విధ్వంసం చూశాకే అమెరికా, పేలుడు పదార్థాల భద్రత కోసం ప్రత్యేక బోర్డును 1928లో ఏర్పాటు చేసింది.

బయటి నిప్పు కథల్లో మన దేశానికి మరవలేనిది బొంబాయి రేవుది. 1944 ఏప్రిల్ 14న విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడ లంగరు వేసి ఉంది. అందులో దాదాపు 1,400 టన్నుల పేలుడు సామగ్రి. వాటితో పాటు కరాచీలో ఎక్కించిన పత్తిబేళ్లు, నూనె పీపాలు, బంగారు కడ్డీలు. మధ్యాహ్నం పత్తిలో పొగ కనిపించింది. నొక్కి కట్టిన బేలులో నిప్పు ఎలా ఉంటుందో గుంటూరు, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల కొరుకుతూనే ఉంటుంది. గంటల తరబడి నీళ్లు కొట్టారు. సాయంత్రం 4.06కు ఓడ పేలింది. అరగంటలో రెండో పేలుడు. కనీసం 800 మంది చనిపోయారు. ఆ కంపనాన్ని సిమ్లాలోని భూకంప లేఖిని నమోదు చేసింది. మృతుల్లో 66 మంది అగ్నిమాపక సిబ్బంది. ఏటా ఏప్రిల్ 14న మన ఫైర్ స్టేషన్లలో మొదలయ్యే వారోత్సవాలు వాళ్ల జ్ఞాపకమే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. బొంబాయిలో 66 మంది. మారీలో 13 మందిలో ఆరుగురు. పుల్గావ్ మృతుల్లోనూ ఎక్కువమంది అగ్నిమాపక సిబ్బందే. మంట ఆర్పడానికి వెళ్లడం వాళ్ల ధర్మం. మందుగుండు విషయంలో ఆ ధర్మానికి ఒక హద్దు ఉంది. మంట పక్క గడ్డిలో ఉన్నంతసేపు ఆర్పాలి. మందు పేటికలను అందుకున్నాక వెనక్కి రావాలి, అందరినీ వెనక్కి లాగాలి. దీన్ని దూరంనుంచే చెప్పడానికి గోదాము మీద గుర్తులు పెడతారు. ఎనిమిది మూలల పలక ఉంటే సరుకంతా ఒక్కసారిగా పేలుతుందని అర్థం. ఇంటూ గుర్తుంటే ముక్కలు ఎగిరివస్తాయని, తలకిందుల త్రిభుజమైతే భగ్గున మండుతుందని, డైమండు ఆకారమైతే ప్రమాదం తక్కువని. వాటి మీద 1 నుంచి 4 దాకా అంకెలూ ఉంటాయి. పొగలో అంకె చదవలేకపోయినా ఆకారం కనిపిస్తుందని అలా ఎంచుకున్నారు.

బొంబాయి నేర్పిన మరో నియమం పొత్తుకు సంబంధించినది. ఏ సరుకు పక్కన ఏది ఉండవచ్చు, ఏది ఉండకూడదు అని ఇప్పుడు పట్టికలున్నాయి. పేల్చే డిటొనేటరును, పేలే మందును ఒకే గదిలో పెట్టరు. మండే సరుకును అసలు దగ్గరికి రానివ్వరు.

ఘనమూలం చేసే మేలు

పోగు పెద్దదైతే ముప్పు పెరుగుతుందని పెంటకుప్ప చెప్పింది. అదే జ్యామితి రెండోవైపునుంచి మనకు సాయం చేస్తుంది కూడా.

పేలుడు శక్తి అన్ని దిక్కులకూ పరచుకుంటుంది. దూరం రెట్టింపైతే ఆ శక్తి నింపాల్సిన చోటు ఎనిమిది రెట్లవుతుంది. కాబట్టి ఎనిమిది రెట్లు మందు పేలినా, రెట్టింపు దూరంలో నిలబడితే పీడనం అంతే తగులుతుంది. 20వ శతాబ్ది తొలి భాగంలో బ్రిటన్‌లో బెర్‌ట్రమ్ హాప్కిన్సన్, జర్మనీలో కార్ల్ క్రాంజ్ విడివిడిగా తేల్చిన సూత్రం ఇది. నేటి భద్రతా పట్టికలన్నిటికీ ఇదే పునాది. మందు బరువును కిలోల్లో తీసుకుని దాని ఘనమూలాన్ని 22.2తో గుణిస్తే, ఒక్కసారిగా పేలే సరుకుకు జనం నివసించే ఇళ్లు ఎన్ని మీటర్ల దూరంలో ఉండాలో వస్తుంది.

లెక్క వేసి చూద్దాం. ఒకేచోట 64 టన్నులు, అంటే 64,000 కిలోలు ఉన్నాయనుకుందాం. ఘనమూలం 40. ఇళ్లు 888 మీటర్ల దూరంలో ఉండాలి. ఆ వలయంలోకి వచ్చే నేల 600 ఎకరాలకు పైమాటే. అదే సరుకును 8 టన్నుల చొప్పున ఎనిమిది గోదాముల్లో పెట్టి, ఒకటి పేలినా పక్కది పేలకుండా జాగ్రత్త చేస్తే, ఒక్కో గోదాముకు కావలసిన దూరం 444 మీటర్లకు దిగుతుంది. ఒక్కోదాని చుట్టూ ఖాళీగా ఉంచే నేల దాదాపు 150 ఎకరాలు.

చిక్కంతా ఆ షరతులోనే ఉంది. ఒక గోదాము పేలినప్పుడు కాలుతున్న ఇనుప ముక్కలు నేలబారుగా దూసుకుపోయి పక్క గోదామును తాకితే అదీ పేలుతుంది. ఆపైన దాని పక్కది. అప్పుడు ఎనిమిది గోదాములు మళ్లీ ఒకే పోగు అయినట్టే. దీన్ని ఆపేది మట్టి. గోదాముకూ గోదాముకూ మధ్య ఎత్తైన మట్టికట్టలు పోస్తారు. ఇంకా మంచి డిపోల్లో కమానులా కట్టిన కాంక్రీటు గదిని మూడువైపులా, పైనా మట్టితో కప్పేస్తారు. దూరంనుంచి చూస్తే పచ్చిక మొలిచిన దిబ్బల వరుసలా ఉంటుంది. ఆ మట్టి పీడన తరంగాన్ని పూర్తిగా ఆపలేదు. ముక్కలను మాత్రం మింగేస్తుంది. గొలుసు అక్కడ తెగుతుంది. పల్లెల్లో వాముకూ వాముకూ మధ్య జాగా వదలడం వెనక ఉన్న బుద్ధి ఇదే.

22.2 లెక్క ఇచ్చే దూరంలో నిలబడితే ఏమీ కాదని అనుకోకూడదు. అక్కడ కూడా గాలి పీడనం క్షణకాలం వాతావరణ పీడనంలో దాదాపు ఇరవయ్యో వంతు పెరుగుతుంది. తక్కువే అనిపిస్తుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పున్న కిటికీ మీద అది 500 కిలోల తోపు. ఇల్లు నిలుస్తుంది, అద్దాలు నిలవవు. 1917 డిసెంబరు 6న కెనడాలోని హాలిఫాక్స్ రేవులో మోఁబ్లాఁ అనే మందుగుండు ఓడ పేలకముందు కాసేపు మండింది. ఆ మంటను చూడటానికి ఊరు ఊరంతా కిటికీల దగ్గరికి చేరింది. ఆ రోజు వేలాదిమందికి కళ్లు దెబ్బతిన్నాయి. పెద్ద గోదాము తగలబడుతుంటే కిటికీ దగ్గర నిలబడి ఫోనులో తీసే అలవాటు ఈనాటిది. అది ఎంత ప్రమాదమో వందేళ్ల కిందే తెలిసింది.

కరిగే దూరం

మట్టికట్ట, పిడుగుల కడ్డీ, ప్రయోగశాల, వీటన్నిటినీ డబ్బు పెట్టి తెచ్చుకోవచ్చు. దూరం అలా కాదు. డిపో కట్టినప్పుడు అది ఊరవతల ఉంటుంది. ఊరే నడుచుకుంటూ దాని దగ్గరికి వస్తుంది.

నైజీరియాలోని లాగోస్‌లో ఇకేజా సైనిక స్థావరం చుట్టూ నగరం అలాగే పెరిగింది. 2002 జనవరి 27, ఆదివారం సాయంత్రం అక్కడి మందుగుండు పేలడం మొదలైంది. గుండ్లు ఎగిరి ఇళ్ల మీద పడుతుంటే జనం ఏ వైపు వెళ్లాలో తెలియక పరుగెత్తారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది, ముఖ్యంగా పిల్లలు, చనిపోయింది పేలుడు వల్ల కాదు. చీకట్లో ఓకె-అఫా అనే కాలువలో పడి మునిగిపోయారు. పీడనాన్ని లెక్కగట్టే సూత్రంలో తొక్కిసలాటకు చోటు లేదు. ఎటు పరుగెత్తాలో ముందే చెప్పి ఉంచడం కూడా భద్రతలో భాగమేనని ఇకేజా నేర్పింది.

మన దేశంలో రక్షణ కట్టడాల చుట్టూ నిర్మాణాలను నియంత్రించే చట్టం 1903 నుంచే ఉంది. ఢిల్లీ పక్కన గురుగ్రామ్‌లో వైమానికదళ మందుగుండు డిపో చుట్టూ 900 మీటర్ల మేర కట్టడాలు నిషేధమని ప్రకటించారు. ఆ గీత లోపలే కాలనీలు లేచాయి. ఇళ్లు కట్టుకున్నవాళ్లలో చాలామంది జీవితకాలపు పొదుపు పెట్టి కొనుక్కున్న మామూలు మనుషులు. ఖాళీ నేల చూసేవాడికి వృథాగా కనిపిస్తుంది. నిజానికి ఆ ఖాళీయే డిపోలోని అతి ముఖ్యమైన పరికరం.

ఎవరిదీ కాని సరుకు

2020 ఆగస్టు 4న బేరూత్ రేవులో పేలిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ మందుగుండు కాదు, రసాయనం. కానీ దాని కథ మారీ కథకు తోబుట్టువు. అదీ ఒక ఓడనుంచి దించి, దాదాపు ఆరేళ్లు గోదాములో వదిలేసిన సరుకే. ఆ వార్త వినగానే ప్రపంచమంతా తమ తమ రేవుల్లో వెతుక్కుంది. చెన్నై దగ్గర కస్టమ్స్ వాళ్లు 2015లో పట్టుకున్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ కంటైనర్లలో పడి ఉన్నట్టు తేలింది. కొద్ది రోజుల్లోనే దాన్ని వేలంలో అమ్మి, లారీల మీద హైదరాబాద్‌కు తరలించారు. అయిదేళ్లు కదలని ఫైలు అయిదారు రోజుల్లో కదిలింది.

మూడుచోట్లా సరుకు జప్తు చేసిందే. కొన్నవాడికి దాని మీద హక్కు లేదు, పట్టుకున్నవాడికి దాని అవసరం లేదు. ఎవరూ తనదనుకోని సరుకుకు పరీక్ష చేయించేదెవరు, నీడ వేయించేదెవరు? సైప్రస్‌లో సైన్యం హెచ్చరికలు పైకి పంపుతూనే ఉంది. పేలుడు తరువాత జరిగిన విచారణ దేశాధ్యక్షుడినే తప్పుపట్టింది. పేలుడు నాటి రక్షణమంత్రికి 2013లో జైలుశిక్ష పడింది.

వాములోంచి ఉడుకువాసన వస్తే రైతు ఆ పూటే దాన్ని విప్పి ఆరబోస్తాడు. మారీలో పెట్టె ఉబ్బాక ఆ వీలు కూడా లేదు. అప్పటికి అది చేయి పెట్టదగిన సరుకు కాదు. మిగిలింది ఒక్కటే, మనుషులను దూరంగా పంపడం. విప్పి, పంచి, ఆరబోయడానికి అంతకుముందు రెండేళ్లకు పైగా వ్యవధి ఉంది. మనుషులను దూరం జరపడానికి జూలై 4 నుంచి 11 దాకా ఏడు రోజులున్నాయి.